ఆరొందల మీటర్లు: ఒక పిల్లాడు, ఒక పెరుగు ప్యాకెట్, ఒక తాతగారు

ముందే చెప్పేస్తున్నా, ఇందులో పేరు మార్చాను, గుర్తుపట్టే వీలున్న ఇంటి వివరాలు కొన్ని అటూ ఇటూ చేశాను, రాసుకోవచ్చని ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు, పిల్లాడితో సహా. వాణ్ణి చిన్ను అందాం. నేను విజయవాడలో క్లినికల్ సైకాలజిస్ట్‌ని, ఎక్కువగా పిల్లల కేసులే చూస్తాను. "ఈ కాలం పిల్లలు ఉత్త సుకుమారం అండీ, మా రోజుల్లో అయితేనా" అనే మాట నా గదిలో వారానికి నాలుగైదుసార్లు వింటా, విని ఊరుకుంటా. ఆ మాట అన్న మనిషే చివరికి కేసులో సగం అయి కూర్చున్నది మాత్రం ఈ ఒక్కసారే, అందుకే రాస్తున్నా.

2023 సెప్టెంబర్ మొదటి వారంలో వచ్చారు. అమ్మ, నాన్న, తాతగారు, ముగ్గురి మధ్యలో చిన్ను. పన్నెండేళ్ళు, ఏడో తరగతి, ఫౌండేషన్ బ్యాచ్, మార్కులకి ఢోకా లేదు. జులై ఆఖరి నుంచి రోజూ పొద్దున ఆరున్నరకి కడుపునొప్పి, ఒక్కోసారి వాంతి, స్కూల్ టైం దాటి పది అయ్యేసరికి మాయం, ఆదివారం అసలు రాదు. అప్పటికి ముప్పై ఒక్క రోజులు బడి పోయింది. చేతిలో ఇంత లావు ఫైలు, అల్ట్రాసౌండ్, రక్త పరీక్షలు, మల పరీక్ష, అన్నీ నార్మల్. పిల్లల డాక్టర్ గారు మంచాయన, అనవసరంగా ఇంకో టెస్ట్ రాయకుండా నా దగ్గరకి పంపారు.

మొదటి సిట్టింగ్‌లో నాకో అలవాటుంది, పిల్లాణ్ణి అడిగిన ప్రతి ప్రశ్నకీ ఎవరు జవాబు చెప్పారో నోట్స్‌లో గీతలు పెట్టుకుంటా. ఆ గంటలో చిన్నుని అడిగినవి ఇరవై రెండు. పద్నాలుగింటికి అమ్మ చెప్పింది, మూడింటికి తాతగారు. నీకిష్టమైన కూర ఏంటి నాన్నా అన్నా కూడా "బెండకాయ వేపుడు మేడమ్" అని అమ్మ దగ్గర్నుంచే వచ్చింది. వాడేమో టేబుల్ మీద పేపర్ వెయిట్ తిప్పుకుంటూ కూర్చున్నాడు, అలవాటైపోయినట్టు.

తాతగారు ఓపిక పట్టి పట్టి చివర్లో అందుకున్నారు. "అమ్మా, చదువుకున్నదానివి, ఏమీ అనుకోకు. ఇదంతా గారాబం. మేం ఉప్పెనలో కొట్టుకుపోయి బతికొచ్చి నెల తిరక్కుండా మళ్ళీ బడికి పోయాం. వీడికి ఏసీ వ్యాన్ ఎక్కడానికి కడుపునొప్పంట. నాలుగు తగిలిస్తే అదే పోద్ది. దెబ్బకి దెయ్యమైనా దిగుద్ది." ఆయనది దివిసీమ, నాగాయలంక వైపు. అరవై ఒక్కేళ్ళు. నాన్నగారు మందుల డిస్ట్రిబ్యూషన్ చేస్తారు, ఆయనా వాళ్ళ నాన్నకే వత్తాసు. ఆరో తరగతిలో తనని హాస్టల్లో వేశారట, తెల్లారగట్ల నాలుగున్నరకి లేపేవాళ్ళట, బెత్తం విరిగేదట. "నాకేమైందండీ ఇప్పుడు?" అన్నారు. ఈ ప్రశ్నకి మొదటి రోజు జవాబు చెప్పకూడదు, పదిహేనేళ్ళ ప్రాక్టీసులో నేర్చుకున్నది అదొకటి.

రెండో సిట్టింగ్ చిన్నుతో ఒక్కడితోనే. అసలు సంగతి అప్పుడు బయటపడింది. జులైలో ఓ సాయంత్రం స్కూల్ వ్యాన్ పటమట దగ్గర ఓ జంక్షన్లో ఆగిపోయింది, దగ్గర్లో ఇళ్ళున్న పిల్లల్ని నడిచి వెళ్ళిపొమ్మన్నాడు డ్రైవర్. అక్కణ్ణుంచి వాళ్ళ అపార్ట్‌మెంట్ ఆరొందల మీటర్లు, తర్వాత నేనే మ్యాప్‌లో కొలిచా. నాలుగేళ్ళుగా రోజూ రెండుసార్లు వ్యాన్‌లో పోయే దారి అది. చిన్ను నలభై నిమిషాలు అక్కడే మెడికల్ షాపు మెట్టు మీద నిలబడ్డాడు. ఎటు తిరగాలో తెలీదు, రోడ్డు ఒక్కడే ఎప్పుడూ దాటలేదు, ఎవర్నైనా అడుగుదామంటే నోరు రాలేదు. చివరికి షాపతను బ్యాగ్‌కి కట్టిన ట్యాగ్ మీద నంబర్ చూసి అమ్మకి ఫోన్ చేశాడు. "ఏడ్చావా?" అంటే "లేదు మేడమ్, ఉచ్చ ఆపుకున్నా" అన్నాడు. ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

తర్వాతి రోజు నుంచి వ్యాన్ బంద్, అమ్మ స్కూటీ మీద దింపడం. వారం తర్వాత అమ్మ స్కూల్ పార్కింగ్‌లో గంటన్నర కూర్చోవడం. ఆ తర్వాత అదీ చాల్లేదు.

ఇలాంటి కేసుల్లో తొందరపడి "యాంగ్జయిటీ" అని ముద్ర వేసేయడం తప్పు. ఎవరైనా ఏడిపిస్తున్నారా, టీచర్ ఎవరైనా కొట్టారా, ఎక్కడైనా చెయ్యి వేశారా, చదువులో ఏదైనా అర్థంకాక దాస్తున్నాడా, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా, ఇవన్నీ సూటిగా అడిగాను, క్లాస్ టీచర్‌తో మాట్లాడాను. ఏవీ లేవు. స్కూల్‌కి పోనన్న ప్రతి పిల్లాడిదీ ఒకే జబ్బు కాదు, క్రిస్టఫర్ కెర్నీ అనే అమెరికన్ సైకాలజిస్ట్ దీన్ని నాలుగు కారణాలుగా విడదీశాడు, అక్కడి బెదురు తప్పించుకోడానికి, పదిమందిలో నిలబడే పని తప్పించుకోడానికి, ఇంట్లోవాళ్ళ దగ్గర ఉండడానికి, ఇంట్లో టీవీ ఫోన్ లాంటి సుఖం కోసం. చిన్నుకి మూడోది బలంగా, మొదటిది కొంచెం. పిల్లల్లో బెదురు ఎంతుందో కొలిచే స్కేర్డ్ అనే ప్రశ్నావళి ఉంది, నలభై ఒక్క ప్రశ్నలు, పాతిక గానీ ఆపైన గానీ వస్తే ఆలోచించాలి, వాడికి 38 వచ్చింది, అమ్మ నింపినదాంట్లో 31. అమ్మానాన్నని వదిలి ఉండలేకపోవడం అనే భాగంలో అయిదొస్తేనే లెక్క, వాడికి 11.

ఇక్కడ ఓ విషయం. ఈ పిల్లాడి దినచర్య రాయించుకున్నా. పొద్దున అయిదుంబావుకి లేపుతారు, ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా స్కూల్, ఫౌండేషన్ క్లాసులు, ఇంటికొచ్చి తొమ్మిదిన్నర దాకా హోంవర్క్. ఆరో తరగతి నుంచీ ఇదే. రక్తం తీసినప్పుడు చెయ్యి కదపలేదని అమ్మే చెప్పింది. పన్నెండేళ్ళకి ఇన్ని గంటలు పుస్తకం ముందు కూర్చునేవాణ్ణి సుకుమారం అనడానికి నాకు నోరు రాలేదు. తాతగారు ఆ వయసులో అట్లా ఒక్క రోజు కూర్చోగలరా అంటే అనుమానమే. వీడు రాటుదేలలేదని కాదు, ఒక వైపే దేలాడు. లెక్కల పేపర్ అంటే బెదరడు. పెరుగు ప్యాకెట్ తెమ్మంటే చెమటలు.

అమ్మకి ఓ నోట్‌బుక్ ఇచ్చా. వారం పాటు చిన్ను కోసం ఇంట్లోవాళ్ళు చేసే ప్రతి పనీ రాయమన్నా, మంచా చెడా అని ఆలోచించకుండా. నలభై మూడు రాసుకొచ్చింది. షూ లేసులు, బ్యాగ్ సర్దడం, చేపలో ముల్లు తీసి పెట్టడం, రాత్రి బాత్రూమ్‌కి వెళ్తే తలుపు బయట నిలబడడం, లిఫ్ట్‌లో తోడు వెళ్ళడం, స్నేహితుడి పుట్టినరోజుకి పంపకుండా కేక్ ఇంటికే తెప్పించడం, చేతికి లొకేషన్ చూపించే వాచీ, అది మోగకపోతే స్కూల్ ఆఫీస్‌కి ఫోన్. ఆ లిస్ట్ నాకిస్తూ ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది, "ఇన్ని ఉన్నాయని నాకే తెలీదండీ" అని. నేను నవ్వలేదు, ఎందుకంటే నా కూతురికి ఎనిమిదో తరగతి దాకా జడ నేనే వేశాను, చేపముల్లు అయితే ఇప్పటికీ.

మా భాషలో దీన్ని అకామడేషన్ అంటారు, ఇళ్ళల్లో నేను ఊతకర్రలు అంటా. కాలు విరిగినవాడికి ఊతకర్ర మందు, విరగనివాడికి నెల రోజులిస్తే కాలు సన్నబడుతుంది. భయం పనిచేసే పద్ధతి కూడా ఇంతే, పిల్లాడికి గుబులు పుట్టింది, మనం పక్కకి తప్పించాం, గుబులు తగ్గింది, హమ్మయ్య అనిపించింది, ఆ హమ్మయ్యే అసలు పాఠం, రేపు అదే చోట గుబులు ఇంకాస్త ముందే మొదలవుతుంది. చిన్ను విషయంలో ఈ చక్రం రోజుకి నలభై మూడు చోట్ల తిరుగుతోంది. ఆ జంక్షన్లో వ్యాన్ ఆగిపోవడం కారణం కాదు, ఎప్పుడో ఒకప్పుడు ఎక్కడో ఓ చోట ఆగాల్సిందే.

ఇప్పుడు "మా రోజుల్లో" సంగతి, తాతగారికి చెప్పినట్టే చెప్తా.

ముందు కొట్టడం. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం బడిలో కొట్టడం, మనసు విరిగేలా వేధించడం రెండూ నిషేధం, అది ఒక సంగతి. చట్టం పక్కనపెట్టినా, 2016లో గెర్షాఫ్, గ్రోగన్-కేలర్ అని ఇద్దరు పాత పరిశోధనలన్నీ కలిపి, దాదాపు లక్షా అరవై వేల మంది పిల్లల లెక్కలు చూశారు, పిర్ర మీద దెబ్బ లాంటి మామూలు దెబ్బల గురించే. మాట వినడం పెరగలేదు, మొండితనం, దిగులు, అమ్మానాన్నతో ఎడం, ఇవి ఎక్కువగా కనిపించాయి. దెబ్బకి దెయ్యం దిగడం సంగతేమో గానీ గట్టిపడతారన్న మాటకి మాత్రం ఆధారం దొరకలేదు.

రెండోది, ప్రతి తరం పెద్దవాళ్ళకీ కింది తరం మెత్తగానే కనిపిస్తుంది. మార్ష్‌మాలో పరీక్ష వినే ఉంటారు, చిన్నపిల్లల ముందు మిఠాయి పెట్టి, కాసేపు ఆగితే రెండోది ఇస్తాం అంటారు. 1960ల్లో అమెరికాలో మొదలెట్టిన ఈ పరీక్షల లెక్కలు 2018లో స్టెఫనీ కార్ల్‌సన్ వాళ్ళు పోల్చి చూస్తే, 2000ల తర్వాతి పిల్లలు ఆ పాత పిల్లలకన్నా సగటున రెండు నిమిషాలు ఎక్కువ ఆగారు. పెద్దవాళ్ళని ముందుగా అడిగితే ఎక్కువమంది తిరగేసి చెప్పారు, ఇప్పటి పిల్లలు అస్సలు ఆగలేరని. అది అమెరికా, పైగా అది నిగ్రహం, ధైర్యం కాదు, దాన్ని తెచ్చి పటమట పిల్లాడికి అతికించను. నేను చెప్పేది ఆ తిరగేసి చెప్పిన పెద్దవాళ్ళ గురించి. 2019లో ప్రోట్‌స్కో, స్కూలర్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంకో తమాషా చూపించారు, పుస్తకాలు బాగా చదివే పెద్దలు ఈ కాలం పిల్లలకి చదవడం ఇష్టం లేదంటారు, పెద్దల మాట వినాలని గట్టిగా నమ్మేవాళ్ళు ఈ కాలం పిల్లలు మాట వినరంటారు. ఇవాళ మనం ఎలా ఉన్నామో పన్నెండేళ్ళప్పుడూ అలాగే ఉన్నామనుకుంటాం.

అయితే పెద్దాయన మాట పూర్తిగా కొట్టిపారేయను. ఆ తరానికి ఒకటి దక్కింది, అది దెబ్బలూ కాదు ఆకలీ కాదు, పని. ఆరుగురు పిల్లలున్న ఇంట్లో ఎవరి వెనకా ఎవరూ పడలేదు, గేదెని తోలుకెళ్ళాలి, చెల్లెల్ని చంకనేసుకోవాలి, కొట్టుకెళ్ళి కిరసనాయిలు తేవాలి, దారి తప్పితే ఎవర్నో ఒకర్ని అడగాలి. హవాయిలో కవాయి అనే దీవిలో 1955లో పుట్టిన పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ అనే సైకాలజిస్ట్ దశాబ్దాల పాటు వెంబడించి చూసింది. బాగా కష్టాల్లో పుట్టిన పిల్లల్లో మూడో వంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. వాళ్ళకి ఆసరాగా ఒక్క నమ్మకమైన పెద్దమనిషైనా ఉన్నారు, ఇంట్లో వాళ్ళ మీద ఆధారపడ్డ పనీ ఉంది. మిగతా రెండొంతుల మంది? వాళ్ళకీ అదే కష్టం వచ్చింది, పెరిగే వయసులో వాళ్ళు గట్టిపడలేదు. కష్టం రాటుదేల్చేదైతే అందర్నీ దేల్చాలి కదా. మా రోజుల్లో అని చెప్పడానికి కుర్చీలో మిగిలినవాళ్ళే ఉంటారు, మిగలనివాళ్ళు వచ్చి చెప్పరు.

ఇప్పుడేమో ఇంటికి ఒకరో ఇద్దరో. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రాలో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు, తెలంగాణలో 1.8. నాలుగు కళ్ళో ఆరు కళ్ళో కలిసి ఒక్కడినే చూస్తుంటే వాడు తప్పిపోయే అవకాశమే లేదు, దారి నేర్చుకునే అవకాశమూ లేదు.

చికిత్స విషయానికొస్తా. మొత్తం పద్నాలుగు సిట్టింగులు, అందులో అయిదు తల్లిదండ్రులతోనే. యేల్ యూనివర్సిటీలో ఎలీ లెబోవిట్జ్ తయారుచేసిన స్పేస్ అనే పద్ధతి ఉంది, పిల్లాణ్ణి అసలు చూడకుండా అమ్మానాన్నకి మాత్రమే నేర్పిస్తారు. 2020లో వచ్చిన వాళ్ళ ట్రయల్‌లో, పిల్లలతో నేరుగా చేసే సీబీటీకి, అంటే ఆలోచననీ అలవాటునీ మార్చే మాటల చికిత్సకి, అది ఏమాత్రం తీసిపోలేదు. నేను రెండూ కలిపి చేస్తా. అమ్మకి నేర్పింది ఒకే ఒక్క మాట, "నీకు కష్టంగా ఉందని తెలుసు నాన్నా, నువ్వు తట్టుకోగలవనీ తెలుసు." చెప్పాక ఆగిపోవాలి. ఆవిడకి ఆ ఆగడమే రాలేదు. రెండు ముక్కలూ చక్కగా చెప్పి, వాడి మొహం చూసి, "పోనీ ఇవాళ్టికి వద్దులే" అని మూడో ముక్క తగిలించేది. ఆ మూడో ముక్క మానడానికి మూడు వారాలు పట్టింది. కొట్టొద్దు, తిట్టొద్దు, అట్లాగని తప్పించనూ వద్దు అంటే నాన్నగారికి మొదట మధ్యలో ఏం మిగిలిందో అర్థంకాలేదు, "మరి నన్నేం చెయ్యమంటారు, ఊరికే నిలబడమంటారా?" అన్నారు. అవునండీ, ఊరికే నిలబడమనే.

చిన్నుతో మెట్లు వేశాం. ప్రతి పనికీ పదికి ఎంత బెదురో వాడే మార్కులు వేస్తాడు. లిఫ్ట్‌లో ఒక్కడే దిగి వాచ్‌మన్‌కి కనిపించి రావడం మూడు. సందు చివర కొట్లో పెరుగు ప్యాకెట్, అమ్మ బాల్కనీలో నిలబడితే అయిదు, నిలబడకపోతే ఆరు. జంక్షన్ నుంచి ఇంటికి నడక తొమ్మిది. వ్యాన్ ఎక్కడం పది.

పెరుగు ప్యాకెట్ గురించి కొంచెం ఎక్కువ చెప్తా, కేసంతా అందులోనే ఉంది. మొదటి రోజు వెళ్ళాడు, డబ్బులిచ్చాడు, కొట్టాయన "పెద్దదా చిన్నదా బాబూ?" అన్నాడు. ఆ ప్రశ్న మా రిహార్సల్లో లేదు. చిన్ను బిగుసుకుపోయి డబ్బులు అక్కడే వదిలేసి వచ్చేశాడు. అమ్మ ఫోన్ చేసి "ఫెయిలయ్యాడండీ" అంది. కాదు, మనకి కావాల్సింది సరిగ్గా అదే, ముందుగా తెలియని ప్రశ్న. రేపు మళ్ళీ పంపండి, పెద్దదో చిన్నదో మీరు చెప్పకండి అన్నా. రెండో రోజు చిన్నది తెచ్చాడు, ఇంటికి అది చాలదు, ఆ రోజు అందరూ తలా రెండు ముద్దలు పెరుగన్నంతో సరిపెట్టుకున్నారు. నాలుగో రోజు చిల్లరలో అయిదు రూపాయలు తక్కువొచ్చాయి. అమ్మ కొట్టుకి ఫోన్ చేయబోయి ఆగిందట, అది ఆవిడ మెట్టు. చిన్ను పది నిమిషాలు గది గుమ్మంలో నిలబడి, తనే కిందికి దిగి వెళ్ళి, అడిగి తెచ్చుకున్నాడు. తర్వాతి సిట్టింగ్‌కి ఆ అయిదు రూపాయల బిళ్ళ పట్టుకొచ్చి నా టేబుల్ మీద పెట్టాడు, చూపించి మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

తర్వాత నేను తప్పు చేశా. దసరా సెలవులు అయిపోవస్తున్నాయి, హాజరు గురించి స్కూల్ ఒత్తిడి, పెరుగు ప్యాకెట్‌తో నాకు హుషారెక్కి, ఆరు నుంచి ఒకేసారి తొమ్మిదికి దూకించా. జంక్షన్ నుంచి ఇంటికి ఒక్కడే. సగం దారిలో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వాంతి చేసుకున్నాడు, ఎవరో ఆటో ఎక్కించి తెచ్చారు. నాన్నగారు ఫోన్లో "ఇదేనా అండీ మీ ట్రీట్‌మెంట్?" అన్నారు, న్యాయమే. రెండు వారాలు లిఫ్ట్ దగ్గరకి వెనక్కి పోయాం.

ఆ వారమే నేను వెళ్ళి ఆ ఆరొందల మీటర్లు నడిచా. ముందే చేయాల్సింది. ఫుట్‌పాత్ లేదు, ఉన్న కాస్త దూరం బైకులు పెట్టారు, మూత లేని డ్రైనేజీ ఒకటి, రాంగ్ రూట్లో వచ్చే ఆటోలు, ఓ మలుపులో నాలుగు కుక్కలు. నాకే పదికి నాలుగు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అమ్మల భయమంతా ఊహ అంటే తప్పు. తాతగారి ఊళ్ళో అప్పుడు రోజుకి రెండే బస్సులు. దారే మారిపోయింది, దాన్నొదిలి పిల్లాణ్ణే కొలుస్తున్నాం. ఇందుకని నాన్నగారికి వేరే పని అప్పజెప్పా, రోడ్డు ఎక్కడ దాటాలో, కుక్కలుంటే ఏ పక్కన పోవాలో వారం పాటు వాడితో నడుస్తూ నేర్పమని. ఆ వారమే తండ్రీకొడుకులు చాలా మాట్లాడుకున్నారని తర్వాత తెలిసింది, హాస్టల్లో మొదటి ఏడాదంతా దుప్పట్లో ఏడ్చేవాణ్ణని ఆయన వాడికి చెప్పారట. నాకేమైందండీ అన్న మనిషే.

దారిని నాలుగు ముక్కలు చేశాం, మెడికల్ షాపు నుంచి వేపచెట్టు గుడి దాకా, అక్కణ్ణుంచి ట్రాన్స్‌ఫార్మర్, అక్కణ్ణుంచి మలుపు, మలుపు నుంచి గేటు. నవంబర్ మొదటి వారానికి బెదురు మార్కులు తొమ్మిది, ఏడు, ఆరు, నాలుగు, అందంగా దిగాయి, గ్రాఫ్ గీసి మురిసిపోయా. అప్పుడు చిన్ను నవ్వాపుకుంటూ చెప్పాడు, "మేడమ్, తాతయ్య రోజూ చెరుకురసం బండి వెనకాల ఉంటాడు. లుంగీ కనపడుతుంది."

తొమ్మిది రోజులుగా వెనకాలే నడుస్తున్నారట. నలభై మూడు ఊతకర్రలు లెక్కపెట్టిన నాకు నలభై నాలుగోది కనపడలేదు, ఎందుకంటే ఆయన మొదటి రోజు అంత గట్టిగా మాట్లాడారు కదా, చికిత్సలో ఆయన్ని కలపాల్సిన అవసరమే లేదనుకున్నా. వెనక్కి తిరిగి అమ్మ నోట్‌బుక్ చూస్తే కనపడింది, సైకిల్ కొననివ్వనిది తాతగారు, కృష్ణ ఘాట్‌కి పంపనివ్వనిది తాతగారు, ఆ లొకేషన్ వాచీ కొన్నది తాతగారు. పని చేసేది అమ్మ కాబట్టి పేరు అమ్మకొచ్చింది. మా వృత్తిలో కూడా తప్పు అమ్మ ఖాతాలో వేయడం ఎంత సులువో.

"బాబాయ్ గారూ, ఓసారి మీరొక్కరే రండి" అని ఫోన్ చేశా. నవంబర్ 20, సోమవారం వచ్చారు. ముందురోజే వరల్డ్ కప్ ఫైనల్ ఓడిపోయాం, ఊరంతా మొహాలు వేలాడేసుకుని ఉంది, నేనూ ఆ మాటతోనే మొదలెట్టా. ఆయన మ్యాచ్ చూడలేదన్నారు. "నిన్నటికి నలభై ఆరేళ్ళమ్మా" అన్నారు.

1977 నవంబర్ 19. దివిసీమ ఉప్పెన, పదివేల మంది దాకా పోయారని లెక్క, అక్కడివాళ్ళు ఇంకా ఎక్కువే అంటారు. ఆయనకి పదిహేనేళ్ళు, ఆఖరి చెల్లెలికి ఏడు. "నీళ్ళు రావడం కాదమ్మా, గోడ నడిచొచ్చినట్టు" అన్నారు. ఓ చేత్తో తాటిచెట్టు, ఇంకో చేత్తో చెల్లెలి చెయ్యి. చాలాసేపు మాట్లాడలేదు. "నేను వదల్లేదు. జారింది." ఇది రాయమని ఆయనే చెప్పారు, కొడుక్కి కూడా అప్పటిదాకా తెలీదట. తర్వాత, మొదటి రోజు నాతో అన్నది ఆయనే ఎత్తారు. "నెల తిరక్కుండా బడికి పోయానని అందరికీ చెప్తా కదా. పోయా. ఇంటికాడ ఉండలేక పోయా." మరుసటేడు చదువు మానేశారు. సముద్రం ఆ రోజు నుంచి ఇవాళ్టిదాకా చూడలేదు. గాలి గట్టిగా వీస్తే ఇప్పటికీ మంచం మీద పడుకోరు, కూర్చునే తెల్లారబెడతారు.

దీనికి పేరు పెట్టి ఆయన చేతిలో పెట్టడం నాకు సబబనిపించలేదు. పెద్దవాళ్ళని చూసే మా సహోద్యోగి ఒకరున్నారు, కలుస్తారా అన్నా. "ఇప్పుడెందుకమ్మా నాకు" అన్నారు. సరే మనవడి కోసం ఓ పని చేస్తారా అంటే మాత్రం చేస్తానన్నారు. ఆయనకీ మెట్లు వేశాం. చెరుకురసం బండి దాకా కాదు, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర బెంచీ మీద కూర్చోవాలి. తర్వాత బెంచీ కూడా కాదు, పైన ఇంట్లో టీ తాగుతూ. మొదటి రోజు చిన్ను గేటు దగ్గరకొచ్చి "తాతయ్యా, నీకు పదికి ఎంత?" అన్నాడట. "ఎనిమిది రా" అన్నారట. "నాకు నాలుగే" అన్నాడట వీడు.

ఆ రెండు వారాల్లో చిన్ను సొంత మార్కులు కాస్త పెరిగి మళ్ళీ దిగాయి, ఆ లెక్కనే నేను నమ్ముతా. నవంబర్ ఆఖరికి సగం పూట బడి, డిసెంబర్ మొదట్లో పూర్తి రోజు. అంతలో మిచాంగ్ తుఫాను, డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. ముందు రాత్రి విజయవాడలో వానా గాలీ. తాతగారు హాల్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. రెండింటికి చిన్ను లేచొచ్చి పక్కన చాప వేసుకుని, పేక ముక్కలు తెచ్చి ఇద్దరూ తెల్లారేదాకా ఆడారట. అమ్మ ఇది చెప్తూ "పడుకోమని చెప్పాలా, ఊరుకోవాలా తెలీక తలుపు దగ్గరే నిలబడ్డానండీ" అంది.

డిసెంబర్ ఆఖర్లో మళ్ళీ పరీక్ష చేస్తే స్కేర్డ్ 38 నుంచి 19కి వచ్చింది. సంక్రాంతి తర్వాత వ్యాన్ ఎక్కాడు. అన్నీ అయిపోయాయని కాదు, 2024 జూన్ ఫాలో అప్‌లో కూడా పరీక్షల పొద్దున కడుపునొప్పి ఉంది, కాకపోతే కడుపునొప్పితోనే వెళ్తున్నాడు. రాత్రి తన గదిలోనే పడుకుంటున్నాడు, తలుపు తీసి. షూ లేసులు నేర్పమని నాలుగుసార్లు చెప్పా, అమ్మ వెల్క్రో బూట్లు కొనేసింది, వాటి దగ్గర నేను ఓడిపోయా. ఫౌండేషన్ బ్యాచ్ గంటలు తగ్గించమన్నా, దాని దగ్గర నాన్నగారు గట్టిగా నిలబడ్డారు, అదీ ఓటమే.

ఆ వేసవిలో నాన్నగారు వాణ్ణి ఈతకి చేర్పించారు, నన్ను అడక్కుండానే. తాతగారు రెండు రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు, మూడో రోజు తువ్వాలు భుజాన వేసుకుని వాడి వెంట బయల్దేరారు. కొలను ప్రహరీ బయట, రోడ్డు వైపు తిరిగి కూర్చుంటారట, లోపలికి రారు.

"నేను బయటికి రాగానే తల తుడుస్తాడు మేడమ్, నేను తుడుచుకుని వచ్చినా మళ్ళీ తుడుస్తాడు" అన్నాడు చిన్ను. "అది కూడా ఊతకర్ర కింద రాసుకోవాలా?"

వద్దులే, అది రాయక్కర్లేదు అన్నాను.